డ్యూటీ డాక్టరుకు అన్ని కాల్సూ ఒకేలా మోగుతాయి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను స్టాఫ్ నర్సుని, నెల్లూరు జిల్లాలో ఇరవై ఏళ్లకు పైగా నైట్ డ్యూటీలు చేశాను. ఒకప్పుడు మాకు కాల్ బుక్ ఉండేది. పేషెంటుకు ఏమైనా అయితే అందులో రాసి వార్డ్ బాయ్‌కి ఇస్తే, డాక్టరు ఎక్కడున్నారో వెతుక్కుంటూ పోయి సంతకం పెట్టించుకొచ్చేవాడు. ఇప్పుడు ఫోన్లు, వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. డాక్టరు మీద భారం మాత్రం పెరిగింది.

పోయిన వేసవిలో ఒక రాత్రి మూడు వార్డులకీ క్యాజువాల్టీకీ కలిపి ఒక్కడే డ్యూటీ డాక్టర్, పొద్దున ఎనిమిదికి డ్యూటీ ఎక్కిన పిల్లాడు. పురుగుల మందు తాగిన కేసు 108లో వస్తే ట్యూబ్ వేస్తున్నాడు. అదే సమయంలో అతని ఫోన్ ఆగకుండా మోగుతోంది, ఒక వార్డులో సెలైన్ సూది ఊడింది, ఇంకో వార్డులో కేస్ షీట్ మీద సంతకం కావాలి, ఎవరికో నిద్ర పట్టడం లేదు, వీటి మధ్యలోనే ఆక్సిజన్ పడిపోతున్న పెద్దాయన కోసం నేను చేసిన కాల్ కూడా. అతనికి ఎలా తెలుస్తుంది? మూడుసార్లు చేసి చివరికి ఆయమ్మను పరిగెత్తించాను. పెద్దాయన బతికాడు. బంధువులు మాత్రం ఫోన్ ఎత్తలేదని ఆ పిల్లాడి మీద పడ్డారు, నాకు చాలా బాధేసింది.

ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్ ఆసుపత్రుల్లో దీనికో పద్ధతి పెట్టుకున్నారు. వార్డు నర్సు బెడ్ నంబరు, సమస్య, ఎంత అర్జెంటో సిస్టంలో ఎక్కిస్తే, రాత్రిపూట కోఆర్డినేటర్ అవన్నీ చూసి, ఎవరి చేతిలో ఎంత పనుందో గమనించి డాక్టర్ల మొబైల్‌కి పంపుతారు. ఆ దేశమంతా ఇలాగే ఉందని కాదు. 2019లో కూడా అక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో సుమారు 1,30,000 పేజర్లు (కబురొచ్చిందని బీప్ కొట్టే పాతకాలం చిన్న పరికరాలు) వాడుతుంటే, 2021 చివరికల్లా మానేయమని ఆరోగ్య మంత్రి చెప్పాల్సి వచ్చింది.

మన దగ్గరా ఫోన్‌లో ఇలాంటి యాప్ పెట్టుకోవడం కష్టమేం కాదు. సూది మార్చడం లాంటివి మేమే చేస్తాం, అవి డాక్టరు దాకా పోనక్కర్లేదు. కానీ గుండె ఆగితే యాప్‌లో టైప్ చేస్తూ కూర్చోకూడదు, ఫోనే చేయాలి, పరిగెత్తాలి. ఇంకోటి, ఆలస్యమైతే మమ్మల్నే అంటారన్న భయంతో మేం అన్నిటికీ అర్జెంట్ అని పెట్టేస్తాం, ఆ భయం ముందు పోవాలి. పేషెంట్ల రిపోర్టులు ఫొటోలు తీసి సొంత ఫోన్లలో ఉంచుకోవడం కూడా ఆగాలి.

ఏ రాత్రి ఎన్ని కాల్స్, ఎవరు ఎన్ని గంటలు నిలబడ్డారు అన్నది ఇప్పుడు ఎక్కడా ఉండదు. రెసిడెంట్ డాక్టర్లకు, అంటే ఆసుపత్రిలో శిక్షణ పొందుతూ పనిచేసేవాళ్లకు, వారానికి 48 గంటలని 1992లోనే కేంద్రం చెప్పింది, 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటలు మించొద్దంది. లెక్క రాసేవాళ్లు లేనప్పుడు మించిందో లేదో ఎవరికి తెలుస్తుంది? ఫోన్‌లో లెక్క ఉంటే, రాత్రికి ఇంకో డాక్టరు కావాలని సూపరింటెండెంట్ గారైనా గట్టిగా అడగొచ్చు.

నెల్లూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల్లో ముందు ఒక్కో మెడికల్ వార్డులో మూడు నెలలు పెట్టి చూడమని అధికారులను కోరుతున్నాను. యాప్ తయారుచేసేటప్పుడు నైట్ డ్యూటీ నర్సులనూ కూర్చోబెట్టుకోండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, నెల్లూరు జిల్లా