16వ సవరణపై అపోహల గురించి మా కాంగ్రెస్ సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కాంగ్రెస్ సభ్యులు గారికి,

లోగడ మీ కార్యాలయానికి రాసిన లేఖలకు జవాబు రానందున, ఇప్పుడు నలుగురి ఎదుట రాస్తున్నాను. అమెరికాలో ఆదాయపు పన్నుకు ఆధారమైన 16వ రాజ్యాంగ సవరణ చెల్లదని, కనుక పన్ను కట్టనక్కర్లేదని నమ్మించే సలహాదారులు ఈ దేశానికి కొత్తగా వచ్చిన మా తెలుగు కుటుంబాల దాకా చేరారు. రాష్ట్రాలు ఆమోదించిన ప్రతుల్లో విరామ చిహ్నాలు, పెద్ద అక్షరాలు ఒక్కలా లేవన్నది వారి ప్రధాన వాదన. ఆ తేడాలు నిజమే. అయితే అవి తెలిసే విదేశాంగ మంత్రి ఫిలాండర్ నాక్స్ 1913 ఫిబ్రవరి 25న సవరణ ఆమోదం పొందిందని ధ్రువీకరించారు, 1986లో ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కూడా ఈ వాదనను తోసిపుచ్చింది. సవరణను కోర్టులో ప్రశ్నించే హక్కును నేను కాదనను, కానీ ఎప్పుడో తేలిపోయిన వాదనను అమాయకులకు అమ్ముకోవడం అన్యాయం. దాన్ని నమ్మి రిటర్ను దాఖలు చేసినవారికి బకాయి, వడ్డీలతో పాటు 5,000 డాలర్ల జరిమానా కూడా పడవచ్చు. వీసా మీద బతికే ఇంట్లో ఆ నోటీసు పుట్టించే భయం అంతకంటే పెద్దది.

ఏప్రిల్ 15 గడువుకు ముందే ఈ విషయాన్ని వివరిస్తూ మీ పేరిట తెలుగులో ప్రకటన ఇవ్వాలని, బాధితుల ఫిర్యాదులు స్వీకరించడానికి మీ కార్యాలయంలో ఒకరిని నియమించాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ నియోజకవర్గంలోని ఒక తెలుగు ఓటరు