అమ్మా, ఆ కొండ గురించి భయపడబాక

అమ్మకి, నాయనకి,

తమ్ముడూ, రాత్రి అన్నాలు తిన్నాక ఇది నిదానంగా చదివి వినిపించు. గబగబా చదివితే నాయనకి అందదు. మధ్యలో నీ మాటలు కలపబాక.

నేను బాగున్నా. పరీక్షలు రెండు అయినయ్, ఇంకోటి జులైలో ఉంది, సాయంత్రం హోటల్లో పని మామూలే, జీతం టైముకే ఇస్తన్నారు. అక్కడ రోహిణి కార్తె ఎండలు తగ్గినయ్యా? నాయన మధ్యాన్నం పూట సైకిల్ మీద రాకుండా చూడు.

అమ్మా, జూన్ 2న టీవీలో ఇక్కడి ఎట్నా అగ్నిపర్వతం పేలిందని చూసి నువ్వు ఫోన్లో ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆరోజు ఇక్కడ సెలవు, నేను రూములో బట్టలు ఉతుక్కుంటన్నా, బాల్కనీలోకి వచ్చి చూస్తే కొండ మీద పెద్ద పొగ లేచి ఉంది, అంతే. టీవీలో చూపించిన ఆ పరిగెత్తే జనం కొండ పైన ఉన్నోళ్ళు, వాళ్ళల్లో ఎవరికీ ఏం కాలా. ఇటలీలో నేనుండే ఈ ఊరు కటానియాకీ కొండ కొసకీ దాదాపు 30 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి చీమకుర్తికి పోయే దానికంటే ఎక్కువే. కొండ కదిలితే కనిపెట్టే ఆఫీసు ఐఎన్‌జీవీ అని ఈ ఊళ్ళోనే ఉంది, రాత్రింబగళ్ళు మిషన్లు పెట్టి చూస్తానే ఉంటారు.

ఇప్పుడు చెప్పేది విని కోప్పడబాక. పోయిన ఆదివారం నేను ఆ కొండకి పోయొచ్చినా. పైన నిప్పు కక్కే క్రేటర్ల దగ్గరికి కాదు, అప్పుడు అక్కడికి పోనియ్యలా. కింద జఫెరానా అని ఊరుంది, ఆ వైపు ఈ-బైకుల మీద తిప్పి రాళ్ళ సంగతి, ఊళ్ళ సంగతి చెప్పే టూర్. నా రూమ్మేట్ బుక్ చేసుకుంది, వాళ్ళమ్మకి బాగాలేదని ఊరికి పోతా నన్ను పొమ్మంది. నా డబ్బులు రూపాయి ఖర్చు కాలా. ఈ నెల పంపేది మామూలుగానే పంపుతా.

ఈ-బైక్ అంటే సైకిలే నాయనా, బ్యాటరీ ఉంటది, మనం తొక్కతా ఉంటేనే మోటరు సాయం పడతది, మానేస్తే అదీ మానుకుంటది. ఎంత ఎత్తు మిట్టైనా ఎవరో వెనకనించి నెట్టినట్టే ఉంటది. క్యారేజీ కట్టుకొని ఎదురుగాలిలో నువ్వు ఫ్యాక్టరీకి తొక్కేది గుర్తొచ్చింది నాకు. చదువైపోయి ఉద్యోగం వచ్చినాక మొట్టమొదట అదే కొంటా, ఒద్దనబాక.

దారంతా ఆకుపచ్చగా ఉండి ఉన్నట్టుండి నల్లగా అయిపోద్ది, దున్నిన నల్లరేగడి చేను గట్టిపడి రాయైనట్టు. అది 1992లో పారిన లావా అంట. 1991 డిసెంబర్లో మొదలై 473 రోజులు పారిందంట, ఊరి మీదకి వస్తంటే పెద్ద మట్టికట్ట పోసినారు, అది కూడా దాటొస్తంటే పైన లావా కాలవ గట్టుకి 7 టన్నుల మందు పెట్టి పేల్చి దాన్ని పక్కకి మళ్ళించినారు. ఊరికి కిలోమీటరు లోపే ఆగిపోయిందంట. నాయనా, క్వారీలో బ్లాస్టింగ్ చూసినోడివి నువ్వు, కాలే రాయి పక్కన మందు పెట్టడమంటే ఏందో నీకైతే తెలుస్తది, నాకు వింటంటేనే చేతులు చెమటలు పట్టినయ్.

అన్నిసార్లూ అట్టా ఆగలేదులే. 1669లో నికొలోసి దగ్గర భూమి పగిలి వచ్చిన లావా కటానియా దాకా వచ్చి సముద్రంలో కలిసింది. ఒకప్పుడు సముద్రం ఒడ్డున ఉండే కోట ఇప్పుడు ఊరి మధ్యలో ఉంది, నేను రోజూ దాని పక్కనించే పోతా. ఇక్కడ రోడ్లు, గడపలు, పెద్ద బిల్డింగులు, చేల గట్లు అన్నీ ఆ నల్లరాయే. ఏ రాయి ఊరిని పూడ్చిందో ఆ రాయితోనే మళ్ళీ ఊరు కట్టుకున్నారు.

కొత్త లావా మీద ముందు బూడిదరంగు పాచి లాంటిది పడతదంట, ఏళ్ళు గడిచినాక జినెస్త్రా అని ఒక పొద మొలుస్తది, దాని వేళ్ళు రాతి సందుల్లో దూరి రాయిని పగలగొడతయ్. ఇప్పుడు పూల కాలం. నల్లరాళ్ళ మధ్య పచ్చగా విరగబూసింది, అమ్మా, అచ్చం మన తంగేడు పూలే. అక్కడే బండి ఆపి కూచున్నా. బతుకమ్మ మనది కాదుగానీ చిన్నప్పుడు తాటికాయ బండి మీద పెట్టుకోని తిప్పేవాళ్ళం గదా ఆ పూలు, అదంతా గుర్తొచ్చింది.

ఒక గుహలోకి కూడా తీసకపోయినారు. పారే లావాకి పైన పెంకు గట్టిపడి, లోపలది పారిపోయి ఖాళీ అయితే గొట్టం లాగా మిగిలిపోద్దంట. తల వంచుకొని పోతంటే మాలకొండలో అమ్మవారి దగ్గరికి బండల సందులోనించి పోయేది గుర్తొచ్చింది. ఫ్రిజ్జులు లేనప్పుడు ఇట్టాంటి చోట్ల, గుంతల్లో మంచు దాచిపెట్టి ఎండాకాలం అమ్మేవాళ్ళంట, గ్రానిటా అనే తియ్యటి మంచు అట్టా వచ్చిందే. ఇక్కడోళ్ళు పొద్దున్నే బన్ను ముంచుకొని అదే తింటారు. బాదంది బాగుంటది.

ఇంకో మాట. వీళ్ళు ఎట్నాని పేరు పెట్టి పిలవరు, ముంతాన్యా అంటారు, కొండ అని, ఆడమనిషిని అన్నట్టు. బూడిద రాలితే చీపుర్లు తీసుకొని వాకిళ్ళు ఊడ్చుకుంటారు, తిట్టుకోరు. సాంతాగాత అని వీళ్ళ ఊరి తల్లి ఉంది, ఆమె చనిపోయిన మరుసటేడు లావా వస్తంటే ఆమె ముసుగు గుడ్డ ఎదురుగా పట్టుకోని పోతే ఆగిందని నమ్మకం. ఫిబ్రవరి 3 నించి 5 దాకా తిరునాళ్ళ, తెల్లబట్టలు కట్టుకొని తాళ్ళు పట్టి ఆమెని ఊరంతా లాగతారు. అచ్చం పోలేరమ్మ జాతరే. అమ్మా, నువ్వు మాలకొండకి మొక్కుకున్న మొక్కు నేనొచ్చినాక శనివారం పోయి తీర్చుకుందాం, ముందే అప్పు చేసి పోబాక.

ఇదంతా ఎందుకు రాస్తన్నానంటే నాయనా, నేనొచ్చేటప్పుడు నువ్వు పాలిష్ పట్టి ఇచ్చిన గెలాక్సీ గ్రానైట్ ముక్క నా బ్యాగులో కుంకం పొట్లంతో పాటు ఎప్పుడూ ఉంటది. అది తీసి గైడుకి చూపించినా. ఆయన చదువుకుంది రాళ్ళ చదువేనంట. ఎండకి పెట్టి తిప్పి తిప్పి చూసి, ఇది ఏ ఊరిదని అడిగి, చీమకుర్తి అని రెండుసార్లు పలికి నేర్చుకున్నాడు. ఇదీ అదీ రెండూ కరిగి చల్లారిన రాళ్ళేనంట. ఎట్నా రాయి బయటికొచ్చి గాలికి తొందరగా చల్లారింది గాబట్టి గింజ పెద్దగా కట్టే టైము లేదు, గ్యాసు పోయిన చిల్లులు మాత్రం ఉంటయ్. మన రాయి భూమి లోపల్లోపలే ఎంతో కాలం నిదానంగా చల్లారింది, అందుకే గింజ పెద్దది, అందుకే ఆ బంగారు చుక్కలు. మన కింద ఇప్పుడు నిప్పేం లేదు, కోట్ల ఏళ్ళ కిందటే అయిపోయింది. స్లాబ్ మీద నీళ్ళు చల్లి నువ్వు "గింజ చూడు" అనేవాడివి గదా, అది ఆయనకి చెప్పినా. మీ నాన్నకి నా నమస్కారం చెప్పమన్నాడు. ఆ మాటకి నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చినయ్, పైకి తెలీకుండా హెల్మెట్ సర్దుకున్నా.

ఒక ముక్క తెద్దామనుకున్నా గానీ అక్కడ రాళ్ళు తీయకూడదు. ఫోటోలు పంపిస్తన్నా.

తమ్ముడూ, ఫ్యాక్టరీలో నాయన దుమ్ము మాస్కు మార్చి ఎన్నాళ్ళయిందో చూడు, తువ్వాలు కట్టుకుంటే సరిపోదు. ఒంగోల్లో డాక్టరు రాసిన ఎక్స్‌రే తీయించినారా లేదా, తీయిస్తే ఫోటో తీసి పెట్టు. శనివారం మీకు రాత్రి 8 గంటలకి చేస్తా. దగ్గు ఎట్టుందో అమ్మే చెప్పాల, నాయనని అడిగితే బాగుంది అనే అంటాడు.

మీ పాప