పేస్ట్ మార్చే ముందు ఇది చదువు, కన్నా

కన్నా,

గేమ్ మొదలుపెట్టిన కాసేపటికే ఫ్యాన్లు హోరెత్తిపోతున్నాయనీ, ఆ తర్వాత ఫ్రేములు పడిపోయి ఆట ఆగి ఆగి నడుస్తోందనీ అన్నావు. ల్యాప్‌టాప్ కొని మూడేళ్లు దాటింది కాబట్టి, ప్రాసెసర్ చిప్‌కీ దాని వేడిని బయటికి లాగే హీట్‌సింక్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ పాడైందన్న నీ అనుమానం నిజమే కావచ్చు. నువ్వే విప్పి మారుస్తానన్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఫోన్లో చెబితే పని మధ్యలో గుర్తుండదని రాస్తున్నాను. విప్పేటప్పుడు పక్కన పెట్టుకో.

పేస్ట్ వేడిని పీల్చేసే మందు కాదు. చిప్ పైభాగం, హీట్‌సింక్ రాగి పలక చూడటానికి ఎంత నున్నగా ఉన్నా, రెండూ కలిసేచోట కంటికి ఆనని గుంటలుంటాయి. వాటిలో గాలి చేరుతుంది. ఉష్ణ వాహకత, అంటే వేడిని ఎంత బాగా దాటనిస్తుందన్న లెక్కలో గాలి విలువ 0.026, రాగిది దాదాపు 400. మంచి పేస్ట్‌ది పదికి అటూ ఇటూ. అంటే పేస్ట్ గాలి కన్నా ఎన్నో రెట్లు మేలు, రాగి ముందు మాత్రం ఎందుకూ చాలదు. గుంటలు నిండేంత ఉండాలి, చిప్‌కీ రాగికీ మధ్య మందంగా పేరుకోకూడదు. ఆ రెండూ గట్టిగా ఆని ఉండటమే అసలు సంగతి. కింద నేను చెప్పే జాగ్రత్తలు చాలావరకు దానికోసమే.

డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి ఉన్నట్టు ల్యాప్‌టాప్ చిప్‌కి పైన లోహపు మూత ఉండదు. సిలికాన్ మీదే హీట్‌సింక్ కూర్చుంటుంది. ఆడినప్పుడల్లా వేడెక్కడం, ఆపగానే చల్లారడం వల్ల ఆ భాగాలు ప్రతిసారీ కాస్త సాగి మళ్లీ ముడుచుకుంటాయి. ఆ కదలికకు పలచటి పేస్ట్ కొద్దికొద్దిగా అంచులకు జరిగిపోతుంది. దీన్నే పంప్ అవుట్ అంటారు. అందుకే డబ్బా మీద పెద్ద నంబరు చూసి జారుడుగా ఉండే పేస్ట్ కొనకు. చిక్కటిది తీసుకో. ఇంకా మంచిది హనీవెల్ వాళ్ల పీటీఎం7950 లాంటి ఫేజ్ చేంజ్ షీట్. మామూలుగా గట్టిగా ఉండి, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి గుంటల్లోకి సర్దుకుంటుంది, పక్కలకు జారదు. నీకైతే నేను అదే చెబుతాను.

పేస్ట్ బదులు కొందరు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) జోలికి మాత్రం వెళ్లొద్దు. అందులో ఉండే గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది. అది కరెంటును ప్రవహింపజేస్తుంది కూడా. ఒక్క చుక్క చిప్ పక్కనున్న కెపాసిటర్లనే చిన్న భాగాల మీద పడితే బోర్డు పోవచ్చు. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు కంపెనీలోనే అది వేసి ఇస్తారు, కాబట్టి నీ మోడల్ సంగతి ముందే కనుక్కో. హీట్‌సింక్ ఎత్తాక వెండిలా మెరిసే ద్రవం కనిపిస్తే ఇంకేమీ తాకకుండా నాకు ఫోటో పంపు.

ఇవన్నీ కొనే ముందు కొలత తీసుకో. ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టుకుని, ఊరికే ఉన్నప్పుడూ, అరగంట ఆడాకా సీపీయూ (ప్రధాన ప్రాసెసర్), జీపీయూ (గ్రాఫిక్స్ చిప్), హాట్‌స్పాట్ (జీపీయూలో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) ఉష్ణోగ్రతలు రాసిపెట్టుకో. గదిలో ఎంత వేడి ఉందో కూడా రాసుకో, లేకపోతే తర్వాత పోల్చడానికి లేదు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో సీపీయూ 80లు దాటడం మామూలే, దానికి టెన్షన్ పడకు. 95, 100 తాకి క్లాక్ స్పీడ్ పడిపోతుంటేనే థ్రాట్లింగ్, అంటే వేడికి చిప్ తన వేగం తానే తగ్గించుకోవడం. జీపీయూకీ దాని హాట్‌స్పాట్‌కీ తేడా బాగా ఎక్కువైతే హీట్‌సింక్ సరిగా ఆనడం లేదని అనుమానించాలి. ముందు కింది మూత తీసి దుమ్ము మాత్రం శుభ్రం చేసి మళ్లీ కొలువు. ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, హీట్‌సింక్ రెక్కల మధ్య గాలి కొట్టు. చాలాసార్లు అక్కడితోనే సరిపోతుంది. అప్పుడు పేస్ట్ జోలికే వెళ్లనక్కర్లేదు. వారంటీ ఉందేమో కూడా చూడు.

మార్చాల్సిందే అయితే, కొన్ని నిమిషాలు నడిపి పేస్ట్ వెచ్చబడ్డాక షట్‌డౌన్ చెయ్యి. స్లీప్ కాదు. ఛార్జర్ తీసెయ్. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి ఏది ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించు. రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాగి ఉండొచ్చు. మూత తియ్యగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఇది మరిచిపోవద్దు నాన్నా. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఆ రోజుకి పని అక్కడితో ఆపెయ్.

హీట్‌సింక్ స్క్రూల పక్కన నంబర్లుంటాయి. విప్పేటప్పుడు పెద్ద నంబరు నుంచి, ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. ఫ్యాన్ వైర్లు కలిసి ఉంటే వైరు పట్టి కాకుండా కనెక్టర్ పట్టి తియ్యి. ఎత్తేటప్పుడు తొందరపడకు. రాకపోతే అటూ ఇటూ మెల్లగా తిప్పు, స్క్రూడ్రైవర్ పెట్టి పైకి మీటొద్దు. చిప్ అంచు గాజులాంటిది, చిట్లితే మళ్లీ అతకదు.

అందరూ తేలిగ్గా తీసుకునేది ప్యాడ్లని. మెమరీ చిప్‌ల మీద, పవర్ భాగాల మీద మెత్తని థర్మల్ ప్యాడ్లుంటాయి. బాగుంటే అలాగే ఉంచు. చిరిగితే సరిగ్గా అంతే మందం ఉన్నవి వెయ్యాలి. 1 మి.మీ. ఉన్నచోట 1.5 వేస్తే హీట్‌సింక్ లేచిపోయి ప్రాసెసర్‌కి ఆనదు. ఎంత మంచి పేస్ట్ వేసినా అప్పుడు ఉపయోగం లేదు. ప్యాడ్ బదులు పేస్ట్ పూసినా ఆ సందు నిండదు.

పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని గుడ్డతో తుడువు. 90 శాతం పైన ఉన్నదే తీసుకో. గోరు, లోహం వాడొద్దు. ఆరాక కొత్త పేస్ట్ చిప్ మొత్తం కప్పేలా పలచగా పరుచు. మూల ఖాళీగా ఉంటే అక్కడ వేడి పేరుకుంటుంది, కాబట్టి కాస్త ఎక్కువైనా పర్లేదు, బిగించాక మిగిలింది పక్కలకు వచ్చేస్తుంది. షీట్ అయితే చిప్ సైజుకి కత్తిరించి పెట్టి, రెండు వైపులా ప్లాస్టిక్ పొర తీశావో లేదో చూసుకో. ఇప్పుడు నంబర్ల వరుసలో, ఒక్కో స్క్రూ సగం సగం బిగిస్తూ రా.

బ్యాటరీ పెట్టి ఆన్ చేశాక మొదటిసారి తెర రావడానికి కాస్త ఆలస్యం కావచ్చు, కంగారుపడకు. ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయా చూడు. షీట్ వేసి ఉంటే నాలుగైదు సార్లు బాగా వేడెక్కి చల్లారాకే దాని అసలు ఫలితం తెలుస్తుంది.

ఇప్పటి రీడింగ్‌లు ఈ వారంలోనే నాకు పంపు. ప్యాడ్ల మందం నీ మోడల్‌కి ఎంతో కూడా కనుక్కుని చెబితే, షీటూ ప్యాడ్లూ కలిపి ఒకేసారి తెప్పిద్దాం.

ప్రేమతో,
అమ్మ