ఆటోరౌటర్ కంటే ముందు చేతితో రూటింగ్ నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్లు ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డుల డిజైన్‌లో పనిచేసి, ఇప్పుడు డిప్లొమా, బీటెక్ విద్యార్థుల ప్రాజెక్టు బోర్డులు సరిచూసి పెడుతున్న అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను. ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీకి కేంద్ర ప్రభుత్వం 2025లో 22,919 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. బహుళ పొరల బోర్డులూ అందులో ఉన్నాయి. రేపు ఆ బోర్డులు గీయవలసిన పిల్లలకు మాత్రం, నేను చూసినంతలో, స్కీమాటిక్ (ఏ భాగం దేనికి కలవాలో చూపే సర్క్యూట్ పటం) గీసి, బోర్డు మీద రాగి దారులను, అంటే ట్రాకులను, సాఫ్ట్‌వేరే వేసేసే ఆటోరౌట్ బటన్ నొక్కడంతోనే పాఠం అయిపోతోంది. ఈ ట్రాకులు వేయడాన్నే రూటింగ్ అంటాం.

మొన్న ఒక విద్యార్థి తెచ్చిన బోర్డులో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఆన్ అయినప్పుడల్లా మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామును నడిపే చిప్) రీసెట్ అవుతోంది. ప్రోగ్రాములోనే తప్పుందనుకుని ఆ అబ్బాయి రెండు వారాలు వెతికాడట. బోర్డును వెలుతురుకు పట్టి చూస్తే కారణం రాగి మీదే కనిపించింది. రిలే కాయిల్ నుంచి తిరిగి వచ్చే కరెంటూ, మైక్రోకంట్రోలర్ గ్రౌండూ సన్నని ఒకే ట్రాక్ మీదుగా బోర్డంతా చుట్టి పవర్ కనెక్టర్‌కు చేరుతున్నాయి. చిప్ సప్లై పిన్ను పక్కనే ఉండి వోల్టేజీ ఒడిదుడుకులను అదుపు చేయవలసిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అవతలి అంచున ఉంది. గ్రౌండ్‌కు విడిగా లావుపాటి జంపర్ వైరు వేసి, కెపాసిటర్‌ను పిన్ను దగ్గరే సోల్డర్ చేశాక రీసెట్ ఆగింది.

ట్రాకుల వెడల్పు, ఎడం వంటి నియమాలను సాఫ్ట్‌వేర్ సరిచూసే డిజైన్ రూల్ చెక్‌లో ఈ బోర్డుకు ఒక్క తప్పూ రాలేదు. ఏ ప్యాడును (విడిభాగం కాలు సోల్డర్ చేసే రాగి చోటును) ఏ ప్యాడుకు కలపాలో చెప్పారు, సాఫ్ట్‌వేర్ కలిపింది. ఏ ట్రాకులో ఎంత కరెంటు పోతుందో, అది ఏ దారిన తిరిగి వస్తుందో దానికి ఎవరూ చెప్పలేదు. 35 మైక్రాన్ల రాగి మీద ఒక ఆంపియర్‌కు సుమారు 0.3 మిల్లీమీటర్ల వెడల్పు కావాలని, ఒక ఐసీని (చిప్‌ను) తిప్పి పెడితే నాలుగు ట్రాకుల చిక్కు విడిపోతుందని చేత్తో ట్రాకులు లాగినవాడికే ఒంటబడుతుంది.

ఆటోరౌటర్ వద్దని నేననడం లేదు. పవర్, గ్రౌండ్, క్రిస్టల్, యూఎస్‌బీ ట్రాకులను ముందు చేత్తో వేసి, అవి కదలకుండా లాక్ చేసి, మిగిలిన వందల కనెక్షన్లను దానికి అప్పగించడం అనుభవజ్ఞులు చేసే పనే. ఏవి ముందు వేయాలో తెలియని విద్యార్థికి ఆ అవకాశమే లేదు.

అందువల్ల, 7805 రెగ్యులేటర్ (స్థిరంగా 5 వోల్టులిచ్చే చిప్), 555 టైమర్ (సమయ సంకేతాలిచ్చే చిప్) ఉన్న ఒక చిన్న ఒంటిపొర బోర్డును ప్రతి విద్యార్థీ ముందు కాగితం మీద, తర్వాత కంప్యూటర్‌లో చేత్తో రూట్ చేసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ఎచ్ చేసి (అక్కరలేని రాగిని కరిగించి), పనిచేయించి చూపాకే ఆటోరౌటర్ ముట్టుకునేలా ల్యాబ్ సిలబస్ మార్చాలని రెండు తెలుగు రాష్ట్రాల సాంకేతిక విద్యాధికారులను కోరుతున్నాను. దీనికి పెద్ద ఖర్చు లేదు. యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ నిపుణులూ చేయి వేసి మెరుగుపరచిన కైక్యాడ్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ప్రాక్టికల్ పరీక్షలో విడిభాగాల అమరికకు, గ్రౌండ్ వేసిన తీరుకు విడిగా మార్కులు కేటాయించాలి.

— ఒక విశ్రాంత పీసీబీ డిజైనర్, హైదరాబాద్