వీడియోలో నాన్న పాదాలు కనిపించలేదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఫోన్‌లో, వీడియోలో డాక్టరుకి చూపించుకోవడం మంచిదేనా అన్న చర్చ ఇప్పుడు ఇంటింటా జరుగుతోంది. నాలుగేళ్లుగా మా నాన్నగారికి ఇలాగే వైద్యం చేయిస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం.

నాన్నకి డెబ్బై ఆరేళ్లు. షుగరు వచ్చి పదిహేనేళ్లు దాటింది. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగడమే కష్టం. ఒకప్పుడు ఆస్పత్రికి వెళ్లాలంటే ముందు రోజు నుంచే ఆయనకి టెన్షన్. నేను సెలవు పెట్టాలి. అక్కడికి వెళ్లాక గంటల కొద్దీ కూర్చోవాలి, తీరా లోపల మాట్లాడేది పది నిమిషాలు. వీడియో కాల్స్ మొదలయ్యాక ఆ అవస్థ తప్పింది. రిపోర్టులు ముందే పంపిస్తాం, ఆయన మంచం మీద కూర్చునే మాట్లాడతారు. ఈ సౌకర్యం వద్దని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కిందటేడు నాన్న ఎడమ పాదం కింద పుండు పడింది. అంతకుముందు వరసగా నాలుగు సార్లు వీడియోలోనే చూపించాం. ప్రతిసారీ షుగరు అంకెలు చదివాను, మందులు సరిచేయించుకున్నాను. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా తగ్గిందని అందరం సంతోషించాం. ఆ నాలుగు సార్లలో ఒక్కసారి కూడా ఎవరం ఆయన సాక్సు విప్పి చూడలేదు. ఏళ్ల తరబడి షుగరు ఉంటే కాలి నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. నొప్పి తెలియదు కాబట్టి గాయమైన సంగతి కూడా తెలియదు. ఎదురుగా కూర్చుంటే డాక్టరు సన్నటి నైలాన్ పోగుని అరికాలికి ఆనించి "తెలుస్తోందా?" అని అడుగుతారు. నిమిషం పని. ఫోన్‌లో ఆ పని కుదరదు.

పుండు సంగతి బయటపడ్డాక ఆస్పత్రికి తీసుకెళ్లాను. అంతా అయిపోయి లేచి నిలబడ్డాక నాన్న తలుపు దగ్గర ఆగి, "డాక్టరు గారూ, చాలా రోజులుగా దూది మీద నడుస్తున్నట్టుంటోందండీ" అన్నారు. నేను నిర్ఘాంతపోయాను. ఇంటికొచ్చాక ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఫోను నీ చేతిలోనే ఉంటుంది కదమ్మా, వింటే కంగారు పడతావని ఊరుకున్నా" అన్నారు. నిజమే, నాలుగేళ్లుగా డాక్టరు "ఎలా ఉంది?" అని అడిగితే జవాబు చెప్తున్నది నేనే. చెవులు సరిగ్గా వినపడవని, త్వరగా అవుతుందని, నాన్న నోట రావాల్సిన మాటలన్నీ నేనే చెప్పేశాను.

ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ డాక్టరుగారు తప్పు మా మీదికి నెట్టలేదు. "మీరు రాలేదని కాదమ్మా, రమ్మని నేనే అడగాల్సింది" అన్నారు. ఆయన ముఖంలో బాధ చూశాక, డాక్టర్లకి ఇదెలా ఉంటుందో తెలుసుకోవాలనిపించి, డాక్టరుగా పనిచేస్తున్న మా పెద్దమ్మ కూతురిని అడిగాను.

అక్క చెప్పింది విన్నాక వాళ్ల కష్టం అర్థమైంది. మనిషి గదిలోకి నడిచి వచ్చేటప్పుడే ఆమె పరీక్ష మొదలవుతుందట. ఆయాసం ఉందా, కుర్చీలోంచి ఎలా లేస్తున్నారు, ఒళ్లు ఏ రంగులో ఉంది. వీడియోలో ముఖం మాత్రమే, అది కూడా లైటుని బట్టి మారిపోయే రంగులో. కడుపు నొప్పి అంటే నొక్కి చూడాలి. చూడలేక అందర్నీ ఆస్పత్రికి పంపిస్తే అనవసరంగా తిప్పారంటారు, మందు రాసిస్తే ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టదు. ఒకామె ప్రతి ప్రశ్నకీ పక్కకి చూసి జవాబిచ్చిందట. ఆ పక్కన ఎవరున్నారో, ఆమె ఏం చెప్పలేకపోయిందో అక్కకి ఈరోజుకీ తెలియదు. అసలు జబ్బు చాలాసార్లు వెళ్తూ వెళ్తూ చెప్పే మాటలోనే ఉంటుందని కూడా అంది. మా నాన్న చేసిందీ అదే. వీడియోలో ఆ తలుపు లేదు, బటన్ నొక్కితే అయిపోతుంది.

మనసుకి సంబంధించిన జబ్బుల్లో మాత్రం తెర మీద మాట్లాడటమే తేలికగా ఉందనే వాళ్లు చాలామంది ఉన్నారు. అమెరికాలోని నెబ్రాస్కాలో 1959 ప్రాంతంలోనే టీవీ ద్వారా మానసిక చికిత్స మొదలుపెట్టారు. దూరం నుంచి రోగిని చూడటం అంతకన్నా పాతది, 1905లోనే నెదర్లాండ్స్‌లో ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త రోగి గుండె ఈసీజీని టెలిఫోన్ తీగ మీద కిలోమీటరున్నర దూరానికి పంపించారు. అయితే ఆ రోగి ఉన్నది ఆస్పత్రిలో. పక్కన చూసుకునే వాళ్లు ఉన్నారు. ఇప్పుడు ఇవతలి వైపు ఉంటున్నది నాలాంటి వాళ్లం. ఏది చూడాలో మాకు ఎవరూ నేర్పలేదు.

ఆస్పత్రుల వాళ్లని నేను కోరేది ఇదే. వరసగా ఎన్ని వీడియో కాల్స్ అయ్యాక మనిషిని ఎదురుగా చూడాలో, జబ్బుని బట్టి మొదటే రాసివ్వండి. షుగరు ఉన్నవాళ్ల పాదాలు ఏడాదికి ఒక్కసారైనా చేత్తో పట్టుకుని చూడాలి. వీడియోలో చూశాక డాక్టరు రమ్మంటే రెండోసారి ఫీజు తీసుకోవద్దు, ఆ భయంతోనే చాలామంది వెళ్లరు. ప్రతి కాల్ చివర రెండు నిమిషాలు రోగితో ఒంటరిగా మాట్లాడండి.

వచ్చే వారం నాన్నకి మళ్లీ వీడియో అపాయింట్‌మెంట్ ఉంది. ఈసారి ఫోను స్టాండుకి పెట్టి, చెవి మిషన్ పెట్టి, నేను పక్క గదిలోకి వెళ్తానని చెప్పాను. "ఎందుకమ్మా" అన్నారు గానీ, డాక్టరుని అడగాల్సినవి ఓ కాగితం మీద రాసుకుంటున్నారు. నాకు చూపించలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు