షుగర్ చూస్తున్నారు సరే, పాదాలు కూడా చూడండి

సంపాదకుడికి నమస్కారం.

మా వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో హెల్త్ క్యాంపు పెడితే వేలు గుచ్చి షుగర్ చూస్తారు, బీపీ చూస్తారు, మాత్రలిచ్చి పంపిస్తారు, కానీ పెద్దవాళ్ల చెప్పులు విప్పించి పాదం చూసేవాళ్లు నాకైతే కనిపించలేదు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్న చాలామందికి కాళ్ల నరాలు మొద్దుబారతాయి, పత్తి చేన్లో మోడు గుచ్చుకున్నా, ఎండాకాలం గుడి బండల మీద అరికాళ్లు బొబ్బలెక్కినా తెలియదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు, ఈలోపు చీము పడుతుంది. మా పక్కింటి పెద్దాయన చెప్పులో మేకు దిగితే పొద్దంతా అలాగే తిరిగాడు, సాయంత్రం గచ్చు మీద నెత్తురు మరకలు చూసి కోడలు చెబితే గానీ ఆయనకు తెలియలేదు.

దీనికి తోడు బీడీ, చుట్ట. రక్తనాళాలు మూసుకుపోయి కాలికి రక్తం అందకపోతే పుండు ఎలా మానుతుంది? కిడ్నీ జబ్బు, చూపు మందగించడం, వంకరపోయిన వేళ్లు, ఆనెలు కూడా ముప్పే, ఆ ఆనెల్ని ఇంట్లో బ్లేడుతో కోసుకోవడం మరీ ప్రమాదం. ఇంతకుముందు పుండు పడినవాళ్లకు, వేలు తీసేసినవాళ్లకు మళ్లీ పుండు పడే అవకాశం అందరికంటే ఎక్కువ.

10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగుతో పాదానికి స్పర్శ ఉందో లేదో నిమిషాల్లో తేల్చొచ్చు, పెద్ద మిషన్లేవీ అక్కర్లేదు. షుగర్ ఉన్న ప్రతి పెద్దవారికీ ఏడాదికి ఒక్కసారైనా పీహెచ్‌సీలో ఈ పరీక్ష చేయాలని, ఇళ్లకు వచ్చే ఆశా కార్యకర్తలకు వేళ్ల సందులు, మడమ పగుళ్లు చూడటం నేర్పించాలని జిల్లా వైద్యాధికారులను అడుగుతున్నాను.

– ఒక పాఠకుడు, హన్మకొండ