బార్సిలోనాను సాక్ష్యానికి పిలిచేవారికి

సంపాదకుడు గారికి,

జల్లికట్టు మీద మీ ఉత్తరాల పేజీలో నడుస్తున్న చర్చ చదువుతున్నాను. ఒక పాఠకుడు 'స్పెయిన్ ఎద్దుల పోరును నిషేధించింది' అన్నారు. ఇంకొకరు 'బార్సిలోనాలో నిషేధం రాగానే బరి పడగొట్టి మాల్ కట్టారు' అన్నారు. రెండూ తప్పే. మా అమ్మాయి కాపురం ఆ ఊళ్లోనే. పైగా నేను పశువైద్యుణ్ని. ఊరుకోబుద్ధి కాలేదు.

మాల్ అయిన బరి పేరు లాస్ అరేనాస్. 1900లో మొదలైంది, 1977లో చివరి పోరు జరిగింది. అప్పటికి నిషేధం ఊసే లేదు. పడగొట్టనూ లేదు. గుండ్రటి ఎర్ర ఇటుక గోడను అలాగే నిలిపి, అడుగున ఉక్కు కాళ్లు పెట్టి, లోపల దుకాణాలు కట్టి 2011లో తెరిచారు.

నిషేధం తగిలింది 1914 నాటి మోనుమెంటల్‌కి. నీలం, తెలుపు పెంకులు పొదిగిన గుడ్డు ఆకారపు గుమ్మటాలతో చూడముచ్చటగా ఉంటుంది. 1965లో బీటిల్స్ పాడింది అందులోనే. చట్టం చేసింది స్పెయిన్ కాదు, బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు శాసనసభ: 2010 జులైలో, 68 ఓట్లకు 55. చివరి పోరు 2011 సెప్టెంబరు 25న, కిక్కిరిసిన జనం మధ్య. 2016లో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. దారి తెరుచుకున్నా మోనుమెంటల్‌లో మళ్లీ పోరు పెట్టినవారు లేరు.

ఆ ఊళ్లో ఇంతకుముందు ఇంకో బరి కూడా ఉండేది, సముద్రం ఒడ్డున బార్సిలోనెటాలో. 1835 జులై 25న అక్కడ ఎద్దులు చేవలేనివని జనం రెచ్చిపోయారు. రాత్రికి ఊళ్లో క్రైస్తవ మఠాలు తగలబడ్డాయి! సన్యాసులు తిరుగుబాటు రాకుమారుడు కార్లోస్‌కు కొమ్ము కాస్తున్నారన్న కసి ముందునుంచే ఉంది. ఎద్దులు సాకు. అన్ని వేలమందిని ఒకచోట కూర్చోబెట్టే చోటు ఊరికి అదొక్కటే మరి.

ఇక అసలు సంగతి. ఆ పోరులో గుర్రం మీదివాడు ఎద్దు మెడకండను బల్లెంతో పొడుస్తాడు, తల ఎత్తలేకుండా. తర్వాత ముళ్ల కర్రలు గుచ్చుతారు, చివర కత్తి. ముందుగా పశువైద్యుడు పరీక్షించి 'ఆరోగ్యంగా ఉంది' అనాలి. నా వృత్తికి అలాంటి పని కూడా ఉందా అనిపించింది. మన తిరుపతి దగ్గరి రంగంపేట జల్లికట్టులో కొమ్ములకు కట్టిన పలకలు లాక్కుంటారు. ఎద్దు సాయంత్రానికి ఇంటికొస్తుంది. మన ఆటలోనూ ఎద్దుకు హింస ఉంది, నిషేధించాలనేవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ ఈ రెండూ ఒకటి కావు.

పోలిక కావాలంటే ఇది తీసుకోండి. అదే కాటలోనియా శాసనసభ, పోరును నిషేధించిన రెండు నెలలకే, ఎబ్రో నది చివరి ఊళ్లలో ఎద్దు కొమ్ములకు మంటలు కట్టి వీధుల్లో పరుగెత్తించే పండగకు చట్టరక్షణ ఇచ్చింది. కంటి పక్కనే మంట! ఆ చట్టం సరైనదేనా అని అడగండి, వాదిద్దాం.

- ఒక విశ్రాంత పశువైద్యుడు, ఒంగోలు